జీతం రాని ఆయుధ శాస్త్రవేత్తలకు మరో పని

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బాంబులను లెక్కపెట్టవచ్చు. గోదాములో పెట్టి తాళం వేయవచ్చు, విప్పి కరిగించవచ్చు. వాటిని తయారు చేసిన మనిషి బుర్రలో ఉన్న విద్యకు మాత్రం తాళం పడదు. ఆ మనిషికి నెలల తరబడి జీతం రాకపోతే ఏం చేయాలి? సోవియట్ యూనియన్ 1991 డిసెంబరులో రద్దయిన తర్వాత ప్రపంచం ముందుకు వచ్చిన ప్రశ్న ఇదే. దీనికి వెతికిన సమాధానాల్లో మంచి ఉద్దేశాలకు కొదవ లేదు. గెలుపోటములు తేలింది డబ్బు ఏ దారిన వెళ్లింది, ఎవరి ఖాతాలో పడింది, ఎవరు లెక్క చూశారు అన్న దగ్గర. అందుకే ఈ రోజు ఎక్కువ సేపు ఆ దారి గురించే మాట్లాడతాను. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి.

1992 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ ఉరల్ ప్రాంతంలోని చెల్యాబిన్‌స్క్-70 అనే ఊరికి వెళ్లారు. ఇప్పుడు దాన్ని స్నెజిన్‌స్క్ అంటున్నారు. సోవియట్ అణ్వాయుధాలకు రూపకల్పన చేసిన రెండు ప్రధాన ప్రయోగశాలల్లో ఒకటి అక్కడ ఉంది. రెండోది అర్జమాస్-16, అంటే నేటి సరోవ్. చుట్టూ కంచె, లోపలికి వెళ్లాలంటే పాసు, దేశపు మ్యాపులో పేరు ఉండదు. అలాంటి చోట శాస్త్రవేత్తలు బల్ల ముందు కూర్చుని అమెరికా మంత్రికి తమ జీతాల సంగతి చెప్పుకున్నారు. అక్కడ అందరికంటే ఎక్కువ జీతం తీసుకునేవారికి కూడా నాటి మారకం రేటు ప్రకారం నెలకు 15 డాలర్ల లెక్కే వచ్చేది.

ఎంతమంది గురించి భయపడాలి? ఇక్కడ అంకెలను జాగ్రత్తగా చూడాలి. 1992 జనవరిలో సీఐఏ డైరెక్టర్ రాబర్ట్ గేట్స్ అమెరికా కాంగ్రెస్‌కు చెప్పిన లెక్క ప్రకారం సోవియట్ అణు వ్యవస్థలో అనుమతి పత్రాలతో పనిచేసినవారు సుమారు 9 లక్షల మంది. అందులో అణ్వాయుధ రూపకల్పన వివరంగా తెలిసినవారు 2,000 మంది. మిగతావారిలో వెల్డర్లు, టర్నర్లు, కాపలాదారులు, లెక్కలు రాసేవారు, ఆసుపత్రి సిబ్బంది అందరూ ఉన్నారు. ఆ 2,000 మందికీ ఈ 9 లక్షల మందికీ మధ్య ఎక్కడ గీత గీయాలన్నది ఈ కార్యక్రమాలను చివరిదాకా వేధించింది.

భయం ఊహ మాత్రమే అనడానికి లేదు. 1992లోనే మియాస్‌లోని మకేయెవ్ క్షిపణి సంస్థకు చెందిన నిపుణులు డజన్ల సంఖ్యలో కుటుంబాలతో సహా ఉత్తర కొరియా విమానం ఎక్కబోతుంటే మాస్కో షెరెమెత్యెవో విమానాశ్రయంలో ఆపేశారు. జలాంతర్గాముల నుంచి ప్రయోగించే క్షిపణులు తయారు చేసిన సంస్థ అది. వాళ్లను దేశద్రోహులని తిట్టడం తేలిక. ఇంట్లో పిల్లలకు తిండి పెట్టాల్సిన మనిషికి ఎదురుగా ఉన్న దారులు ఎన్ని అన్నది చూస్తే విషయం అర్థమవుతుంది.

మొదటి సాయం ఒక దాత నుంచి వచ్చింది. అమెరికా పెట్టుబడిదారు జార్జ్ సోరోస్ 1992 చివర్లో 10 కోట్ల డాలర్లు ప్రకటించారు. 1993లో వేలాది మంది మాజీ సోవియట్ శాస్త్రవేత్తలకు తలా 500 డాలర్లు అత్యవసర గ్రాంటుగా అందాయి. ఏడాది పాటు ఒక కుటుంబాన్ని నిలబెట్టగలిగిన డబ్బు అది. అర్హత చాలా సరళం: గత కొన్నేళ్లలో పేరున్న పత్రికల్లో మూడు పరిశోధన వ్యాసాలు అచ్చై ఉండాలి. సిఫారసులు లేవు, కమిటీల చుట్టూ తిరగడం లేదు. విజ్ఞానాన్ని కాపాడటానికి ఇంతకంటే మంచి పద్ధతి దొరకదు. కానీ ఆయుధ ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి అచ్చయిన వ్యాసాలు ఎక్కడివి? అతను రాసినదంతా రహస్య ముద్ర పడి బీరువాలో ఉంటుంది. ఎవరి గురించి ప్రపంచం ఎక్కువగా భయపడిందో వాళ్లలో చాలామందికి ఈ జల్లెడలో చోటు లేదు. వాళ్లకు వేరే ఏర్పాటు కావలసి వచ్చింది.

ఆ ఏర్పాటే అంతర్జాతీయ విజ్ఞాన సాంకేతిక కేంద్రం, పొట్టి పేరు ఐఎస్‌టీసీ. బేకర్, జర్మనీ విదేశాంగ మంత్రి గెన్షర్, రష్యా విదేశాంగ మంత్రి కోజిరెవ్ కలిసి 1992 ఫిబ్రవరిలో ప్రకటించారు. అమెరికా తన వంతుగా 2.5 కోట్ల డాలర్లు ఇస్తానంది. ఆ ఏడాది నవంబరు 27న మాస్కోలో అమెరికా, ఐరోపా సముదాయం, జపాన్, రష్యా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. తర్వాత బండి ఆగిపోయింది. రష్యా పార్లమెంటు ఆమోదించలేదు. 1993లో అధ్యక్షుడికీ పార్లమెంటుకూ గొడవ ముదిరి పార్లమెంటే రద్దయింది. చివరికి 1993 డిసెంబరులో తాత్కాలిక ప్రోటోకాల్, అంటే ఆమోదం వచ్చేలోగా నడిపించే అనుబంధ ఒప్పందం, రాసుకుని 1994 మార్చిలో పని మొదలుపెట్టారు. ప్రకటనకూ మొదటి ప్రాజెక్టుల ఆమోదానికీ మధ్య రెండేళ్లు గడిచాయి. శాస్త్రవేత్తలకు అన్నిటికంటే గడ్డు కాలం ఆ రెండేళ్లే. ఆ తాత్కాలిక ప్రోటోకాల్‌కు రష్యా పార్లమెంటు ఆమోద ముద్ర ఎప్పటికీ పడలేదు. ఆ సంగతి మళ్లీ వస్తుంది. ఉక్రెయిన్ కోసం ఇలాంటిదే మరో కేంద్రం కీవ్‌లో 1995లో మొదలైంది.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. ఒక ప్రాజెక్టు ఎలా నడిచేది?

ప్రయోగశాల ఒక ప్రతిపాదన రాస్తుంది. అందులో చేయబోయే పని ఎంత ముఖ్యమో, జట్టు జాబితా అంతే ముఖ్యం. ప్రతి మనిషి పేరు పక్కన అతను ఏ ఆయుధ రంగంలో పనిచేశాడో గుర్తించే కోడ్ ఉంటుంది: అణు, రసాయన, జీవ, క్షిపణి. జట్టులో సగానికి పైగా ఆయుధ రంగం నుంచి వచ్చినవాళ్లే ఉండాలన్నది నియమం. దాంతో పాటు నిధులిచ్చే దేశాల్లోని ఏదో ఒక ప్రయోగశాల నుంచి సహకారి పేరు ఉండాలి. ఆ సహకారికి ప్రాజెక్టు డబ్బులో వాటా లేదు. పనిని చూసి, ప్రశ్నలు వేసి, ఫలితాలు బయట ప్రపంచానికి పనికొస్తాయో లేదో చెప్పడం అతని పని.

తర్వాత ఆ ప్రయోగశాల ఉన్న దేశ ప్రభుత్వం ప్రతిపాదన చదువుతుంది. ఇందులో రహస్యం ఏదైనా బయటికి పోతోందా అన్నది వాళ్ల ఆరా. సమ్మతి పత్రం వస్తేనే ఫైలు ముందుకు కదులుతుంది. అటు పిమ్మట నిధులిచ్చే దేశాలు తమ నిపుణులకు పంపుతాయి. వాళ్లు రెండు చూస్తారు: శాస్త్రపరంగా విలువ ఉందా, ఈ పని వల్ల ఆయుధ నైపుణ్యం మరింత పెరిగే ప్రమాదం ఉందా. ఆ గడప దాటితే పాలకమండలి. అక్కడ నిర్ణయం ఏకాభిప్రాయంతో జరగాలి. ఆమోదం వచ్చాక పని ప్రణాళిక, ఒప్పందం, ఖాతాలు. మొత్తానికి ఏడాది పట్టడం మామూలు విషయం. ఈలోగా జట్టులో ఇద్దరు ముగ్గురు ఉద్యోగం మానేసి బ్యాంకులోనో, కంప్యూటర్ల దుకాణంలోనో చేరిపోతారు. అప్పుడు జాబితా మార్చాలి, మార్చినందుకు మళ్లీ అనుమతి.

బడ్జెట్‌లో ఉండేవి వ్యక్తిగత గ్రాంటులు, పరికరాలు, ముడి సామగ్రి, ప్రయాణాలు, సంస్థకు కొద్దిపాటి నిర్వహణ ఖర్చు. వీటన్నిటిలోనూ గుండెకాయ వ్యక్తిగత గ్రాంటే. అది సంస్థ ఖాతాలోకి పోదు. నేరుగా శాస్త్రవేత్త పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాలోకి డాలర్లలో పడుతుంది. దాని మీద ఆదాయపు పన్ను లేదు. మొత్తం పెద్దదేమీ కాదు, అనుభవాన్ని బట్టి రోజుకు ఇరవై ముప్పై డాలర్ల స్థాయి. ఆ రోజుల్లో రష్యాలో అదే పెద్ద మొత్తం.

సంస్థ ద్వారా ఎందుకు ఇవ్వలేదని మీకు అనుమానం రావచ్చు. సంస్థలన్నీ అప్పుల్లో ఉన్నాయి. కరెంటు బిల్లు బాకీ, పన్నుల బాకీ. ఖాతాలో రూపాయి పడగానే, సారీ, రూబుల్ పడగానే బాకీదార్లు పట్టుకుపోతారు. డైరెక్టర్ ఎంత నిజాయితీపరుడైనా ఆ డబ్బు మనిషి దాకా చేరదు. స్నెజిన్‌స్క్ ప్రయోగశాల డైరెక్టర్ వ్లాదిమిర్ నెచాయ్ 1996 అక్టోబరు 30న తన ఆఫీసులోనే తుపాకీతో కాల్చుకుని చనిపోయారు. తన సిబ్బందికి నెలల తరబడి జీతాలు ఇవ్వలేకపోయిన మనిషి ఆయన. ఒక అణ్వాయుధ సంస్థ అధిపతి జీతాల బాకీ మోయలేక ప్రాణం తీసుకున్నాడంటే ఆ వ్యవస్థ పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. అలాంటి చోట మనిషి చేతికే నేరుగా డబ్బు అందించాలన్న నిర్ణయం, నా దృష్టిలో, ఈ కార్యక్రమం మొత్తం మీద చేసిన అత్యుత్తమమైన పని.

నేరుగా ఇస్తే లెక్క కూడా నేరుగా చూడాలి. ప్రతి ఒక్కరూ ఏ రోజు ఈ ప్రాజెక్టు మీద పనిచేశారో టైమ్‌షీటులో రాయాలి. జట్టు నాయకుడు సంతకం చేయాలి. మూడు నెలలకోసారి నివేదిక, ఏడాదికోసారి సాంకేతిక నివేదిక. ఆడిటర్లు వచ్చినప్పుడు టైమ్‌షీటును ఒక్కదాన్నే చూడరు. సంస్థ హాజరు పట్టీ, సెలవుల పట్టీ, ఇతర ప్రాజెక్టుల టైమ్‌షీట్లు పక్కపక్కన పెడతారు. ఒకే మనిషి ఒకే రోజు రెండు ప్రాజెక్టుల్లో పూర్తి రోజు పనిచేసినట్టు రాసి ఉంటే అక్కడ పట్టుబడుతుంది. ఆ తర్వాత మనిషిని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు: మీరు చేసిన పని ఏమిటి, మీకు ఎంత ముట్టింది. ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబు ఖాతా పుస్తకంతో సరిపోలాలి. డబ్బు తీసుకుని పైవాళ్లకు వాటా ఇచ్చే అలవాటు ఎక్కడైనా ఉంటే ఈ ప్రశ్న దగ్గరే బయటపడుతుంది. అమెరికా తరఫున రక్షణ శాఖ ఆడిట్ సంస్థే ఈ లెక్కలు చూసేది.

పరికరాలది ఇంకో తంతు. కొనేది ఐఎస్‌టీసీ, ప్రాజెక్టు ముగిసేదాకా యజమాని కూడా అదే. ఒప్పందం ప్రకారం దిగుమతి సుంకం లేదు. ఇంత చేసినా మూసిన నగరాల్లో ఉన్న పరికరాన్ని చూసి రావాలంటే విదేశీయుడు 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పటికప్పుడు వెళ్లి తనిఖీ చేయడం అనేదే లేదు.

ఇక్కడే ఈ పద్ధతిలో ఉన్న పెద్ద లోటు కనిపిస్తుంది. ప్రాజెక్టులో ఉన్నవారిలో చాలామంది పూర్తి కాలం పనిచేసేవారు కారు. ఏడాదిలో కొన్ని రోజులు ప్రాజెక్టుకు, మిగతా రోజులు సొంత సంస్థకు. ఆ మిగతా రోజుల్లో ఏం చేస్తున్నారో ఐఎస్‌టీసీకి తెలిసే వీలు లేదు, అడిగే హక్కూ లేదు. రష్యా ఆయుధ కార్యక్రమంలోనే పనిచేస్తూ ఉండవచ్చు. అమెరికా కాంగ్రెస్‌కు పనిచేసే ఆడిట్ సంస్థ జీఏఓ 2001లో ఈ మాట సూటిగా రాసింది. నిధులిచ్చిన దేశాలు తెలిసే దీన్ని ఒప్పుకున్నాయి. మనిషి తన దేశంలోనే ఉండాలి, మరో దేశానికి విద్య అమ్మకూడదు అన్నదే వాళ్ల అసలు లక్ష్యం. దీన్ని మోసం అనడం నాకు సబబుగా తోచదు. లక్ష్యాన్ని చిన్నదిగా పెట్టుకున్నారు. అయితే సభల్లో చెప్పేటప్పుడు ‘శాంతియుత పరిశోధనలోకి మళ్లించాం’ అని పెద్దగా చెప్పుకున్నారు. ఆ తేడా గుర్తుంచుకోండి.

ఇక బాగా జరిగిన పని ఒకటి దగ్గరగా చూద్దాం. తులా ప్రాంతంలో బొగొరొదిత్‌స్క్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి కర్మాగారం స్ఫటికాలు పెంచేది, ఎక్కువగా సైనిక ఎలక్ట్రానిక్స్ కోసం. ఆర్డర్లు ఆగిపోయాయి. అదే సమయంలో జెనీవా దగ్గర సెర్న్ అనే కణ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో సీఎంఎస్ అనే భారీ కణ శోధకం కట్టాలని ప్రణాళిక వేస్తున్నారు. దానికి లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికాలు కావాలి. చూడటానికి గాజులా పారదర్శకంగా ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే అదే పరిమాణం ఇనుప ముక్క కంటే బరువుగా ఉంటుంది. ఘన సెంటీమీటరుకు 8.28 గ్రాములు. ఫోటాన్, అంటే కాంతి కణం, వచ్చి తాకితే మెరుస్తుంది, ఆ మెరుపులో అధిక భాగం 25 నానోసెకన్లలోపే అయిపోతుంది. కావలసినవి 75,848. ఒక్కొక్కటి జానెడు పొడవు. అప్పటికి ప్రపంచంలో ఇంత సంఖ్యలో ఇలాంటి స్ఫటికాలు ఎవరూ పెంచలేదు.

ఐఎస్‌టీసీ డబ్బు ఇక్కడ ఉత్పత్తిని సిద్ధం చేసే దశకు వెళ్లింది. ప్లాటినం మూసలో పొడిని కరిగించి, పైనుంచి ఒక విత్తన స్ఫటికాన్ని తాకించి, తిప్పుతూ నెమ్మదిగా పైకి లాగుతారు. దీన్నే చొక్రాల్‌స్కీ పద్ధతి అంటారు. లాగే వేగం తేడా వస్తే పగుళ్లు. కరుగులో కలిసిన మలినాలు ఎక్కువైతే రేడియేషన్ తగిలినప్పుడు స్ఫటికం రంగు మారి మెరుపును తనలోనే మింగేస్తుంది. కణాలు ఢీకొనే చోటికి పక్కనే ఏళ్ల తరబడి ఉండాల్సిన వస్తువుకు అది ప్రాణాంతకం. కొలిచిన మోతాదులో నియోబియం, ఇట్రియం కలిపి దాన్ని అదుపులోకి తెచ్చారు. తర్వాత ఖర్చు తగ్గించాలి. పెంచే కడ్డీ వ్యాసాన్ని పెంచి ఒకే కడ్డీ నుంచి రెండు, ఆ పైన నాలుగు స్ఫటికాలు కోసే స్థాయికి వచ్చారు. ప్రతి స్ఫటికాన్నీ కొలతలు, పారదర్శకత, మెరుపు ఎంత వస్తుందో యంత్రంతో పరీక్షించారు. మొత్తంలో అధిక భాగం ఇక్కడివే, మిగతావి షాంఘైలో పెరిగాయి. 2012 జులై 4న హిగ్స్ కణాన్ని ప్రకటించినప్పుడు, అది రెండు ఫోటాన్లుగా విడిపోయిన జాడను సీఎంఎస్‌లో పట్టుకున్నది ఈ స్ఫటికాలే.

ఆ శోధకంలో ఇంకో భాగం ఉంది. దాని ముందు వైపు కెలోరీమీటరుకు, అంటే కణాల శక్తిని కొలిచే పరికరానికి, కావలసిన ఉక్కు దిమ్మెలను సన్నని గాడులు తీసి స్నెజిన్‌స్క్‌లోనే తయారు చేశారు. బేకర్ వెళ్లిన ఊరే. మరో కెలోరీమీటరుకు కావలసిన ఇత్తడి రష్యా నౌకాదళపు పాత ఫిరంగి గుండ్ల తొడుగుల నుంచి వచ్చింది. పది లక్షలకు పైగా తొడుగులు కరిగించారు.

ఈ పని ఎందుకు నిలబడింది? కొనేవాడు ముందే ఉన్నాడు. ఎన్ని కావాలో, ఏ నాణ్యతలో కావాలో, ఎప్పటికి కావాలో రాసి ఇచ్చాడు. పనికి కావలసిన చేతి నైపుణ్యం ఆయుధ ప్రయోగశాలలో ఉన్నదే. కొత్త వ్యాపారం నేర్చుకోమని ఎవరినీ అడగలేదు. ఇదే లక్షణం మరికొన్ని చోట్ల చూస్తాం. సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గర సొస్నొవి బోర్‌లో అణు రియాక్టరు కోర్ కరిగిపోతే ఆ ద్రవం ఉక్కు పాత్రను ఎలా తినేస్తుందో పరీక్షించారు. నిజమైన యురేనియం ఆక్సైడును కరిగించి కొలిచే సౌకర్యం ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల ఉంది. కజకిస్తాన్ బొరొవొయెలో దశాబ్దాల అణు పరీక్షల భూకంప రికార్డులు పాత అయస్కాంత టేపుల మీద చెడిపోతూ ఉంటే వాటిని కాపాడి డిజిటల్ రూపంలోకి మార్చారు. అణు పరీక్ష నిషేధాన్ని తనిఖీ చేసేవాళ్లకు అదొక నిధి.

మనకూ దీనికి దగ్గరి సంగతి ఒకటి ఉంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే కొత్త పదార్థాల పరిశోధన కేంద్రానికి తొలి రోజుల్లో రష్యా, ఉక్రెయిన్, బెలారుస్ సంస్థల నుంచి సాంకేతికతలు వచ్చాయి. డిటొనేషన్ స్ప్రే కోటింగ్ కీవ్‌లోని పదార్థ విజ్ఞాన సంస్థది. గొట్టంలో ఆక్సిజన్, ఎసిటిలిన్ కలిపి సెకనుకు కొన్నిసార్లు పేల్చి, ఆ ఊపుతో పొడిని లోహపు ఉపరితలం మీదికి కొడతారు. తీగలు లాగే పుల్లీల వంటి త్వరగా అరిగే భాగాలకు అది కవచం. ఇది ఐఎస్‌టీసీ పథకం కాదు, నేరుగా కుదిరిన సహకారం. అయితే అక్కడి విద్యకు ఇక్కడ గిరాకీ ఉంది కాబట్టి నిలిచింది.

ఇప్పుడు దెబ్బతిన్నవాటి దగ్గరికి. అమెరికా ఇంధన శాఖ 1994లో ఐపీపీ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మాజీ ఆయుధ సంస్థలను అమెరికా కంపెనీలతో కలిపి వ్యాపారం చేయించాలన్నది ఆలోచన. 1999 ఫిబ్రవరిలో జీఏఓ లెక్క తీసింది. ఖర్చైన 6.35 కోట్ల డాలర్లలో మాజీ సోవియట్ సంస్థలకు చేరింది 37 శాతం. సగానికి పైగా అమెరికా జాతీయ ప్రయోగశాలల్లోనే ఆగింది. అక్కడివారి జీతాలు, ప్రయాణాలు, పర్యవేక్షణ ఖర్చులు. చేరిన 37 శాతంలోంచి కూడా అక్కడి పన్నులు, సంస్థ కోతలు పోయాయి. ఎవరో దొంగిలించారని దీని అర్థం కాదు. అమెరికా ప్రయోగశాలలో ఒక మనిషి ఒక ఏడాది పనికయ్యే ఖర్చుతో సరోవ్‌లో పెద్ద జట్టునే నడపవచ్చు. ఆ తేడాను లెక్కలోకి తీసుకోకుండా ఇద్దరికీ సమాన భాగస్వామ్యం అని రాసుకుంటే డబ్బు అమెరికా వైపే తరలుతుంది. తర్వాత చెల్లింపులను ఐఎస్‌టీసీ వంటి మార్గాల ద్వారా పన్ను లేకుండా పంపడం మొదలుపెట్టారు.

1998 సెప్టెంబరులో అణు నగరాల పథకం వచ్చింది. సరోవ్, స్నెజిన్‌స్క్, జెలెజ్నొగోర్‌స్క్ మూడింటితో మొదలు. వేల ఉద్యోగాలు సృష్టిస్తామన్నారు. జీఏఓ 2001 లెక్క ప్రకారం 2000 చివరిదాకా ఖర్చైన 1.59 కోట్ల డాలర్లలో 70 శాతం అమెరికాలోనే ఖర్చైంది. కంచె లోపలి ఊళ్లో ఫ్యాక్టరీ పెట్టడానికి ఏ పెట్టుబడిదారు వస్తాడు? తన సరుకు, తన ఫ్యాక్టరీ చూసుకోవడానికి 45 రోజుల ముందు అర్జీ పెట్టుకోవాలి. అలాంటి చోట ఉద్యోగాలు పుట్టించడం డబ్బుతో జరిగే పని కాదు. చివరికి ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్న తగవుతో 2003లో ఒప్పందం గడువు తీరిపోయింది, పొడిగించలేదు. ప్రాథమికమైన పని, అంటే అనవసరమైన ఆయుధ భవనాలను మూయడం వంటివి మాత్రం కొంత జరిగాయి.

జీవాయుధాల వైపు మరింత కష్టం. కజకిస్తాన్ స్టెప్నొగోర్‌స్క్‌లో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక రోగపు క్రిములను పెంచే కర్మాగారం ఉండేది. క్రిములను పెంచే తొట్లు, అంటే ఫెర్మెంటర్లు, ఒక్కొక్కటి 20,000 లీటర్లవి, వరసగా పది. దీన్ని మందుల ఫ్యాక్టరీగా మార్చాలని ప్రయత్నించారు. కుదరలేదు. యుద్ధానికి లెక్కగట్టిన పరిమాణంలో కట్టిన యంత్రాన్ని విటమిన్ల కోసం నడిపితే ఆవిరికి, కరెంటుకు, శీతలీకరణకు అయ్యే ఖర్చే సరుకు ధరను మించిపోతుంది. మార్కెట్టు కూడా దగ్గరలో లేదు. ఆఖరికి ఆ యంత్రాలను కోసి, భవనాలను కూల్చారు. నా అభిప్రాయంలో మొదటే చేయవలసిన పని అది. భవనాన్ని కాపాడాలన్న ఆశలో మనుషులకు అందవలసిన ఏళ్లు పోయాయి.

శాంతియుతం అని బోర్డు పెట్టినంత మాత్రాన ఏదీ శాంతియుతం కాదు. ఇందుకు ఒక ఉదాహరణ. పేలుడు పదార్థాలను మూసిన పాత్రలో పేలిస్తే వాటిలోని కార్బన్‌లో కొంత నాలుగైదు నానోమీటర్ల వజ్రపు రేణువులుగా మారుతుంది. పాలిషింగుకు, కందెన నూనెల్లో కలపడానికి వాడతారు. సోవియట్ ఆయుధ ప్రయోగశాలల్లో పుట్టిన విద్య ఇది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2011 నవంబరు నివేదికలో ఒక విదేశీ నిపుణుడి ప్రస్తావన ఉంది. తన దేశపు అణ్వాయుధ కార్యక్రమంలో పనిచేసినవాడు, సుమారు 1996 నుంచి 2002 దాకా ఇరాన్‌లో ఉన్నాడు. ఈ నానో వజ్రాల తయారీ కోసమే వెళ్లానన్నది పైకి చెప్పిన కారణం. పేలుడు భౌతికశాస్త్రం మీద అక్కడ ఉపన్యాసాలు కూడా ఇచ్చాడని ఆ నివేదిక రాసింది. పేలుడు తరంగం ఎంత సమంగా కదులుతోందో కొలిచే నైపుణ్యం వజ్రాల ఫ్యాక్టరీకీ కావాలి, అణుబాంబుకీ కావాలి. అందుకే ప్రతిపాదన శీర్షిక చదివి వదిలేయకుండా ఏ కొలతలు, ఏ పరికరాలు, ఎవరితో కలిసి అన్నది చూడాలి. ఐఎస్‌టీసీ సమీక్షలో ఏడాది పట్టిందని ఇందాక విసుక్కున్నాం. ఆ ఏడాదిలో కొంత భాగం ఇందుకే పోయింది, పోవలసిందే.

మరి ఇంత చేసి ఫలితం ఉందా? జరగని నేరాన్ని కొలవడం కష్టం. డెబొరా బాల్, థియొడోర్ గెర్బర్ అనే ఇద్దరు పరిశోధకులు 602 మంది రష్యన్ భౌతిక, రసాయన, జీవ శాస్త్రవేత్తలను ప్రశ్నించి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఇరాన్, ఉత్తర కొరియా, సిరియా, ఇరాక్ వంటి దేశాల్లో పనికి వెళ్లే ఆలోచన చేస్తామన్నవారు 20 శాతం. పాశ్చాత్య గ్రాంటులు అందుకున్నవారిలో ఆ మొగ్గు స్పష్టంగా తక్కువ. నాకు ఇది బలమైన సాక్ష్యంగానే కనిపిస్తుంది, ఎందుకంటే రష్యా ఆర్థిక స్థితి తేరుకుంటున్న రోజుల్లో కూడా 20 శాతం మంది అలా చెప్పారు.

రెండో వైపు కూడా చెప్పాలి. 2007 డిసెంబరులో జీఏఓ ఐపీపీ ప్రాజెక్టుల్లో 97 తీసుకుని మనుషుల జాబితాలు చూసింది. సుమారు 6,450 మందిలో సగానికి పైగా తమకు ఆయుధ అనుభవం ఉందని చెప్పుకోనేలేదు. కొందరు సోవియట్ కాలం ముగిసేటప్పటికి బడి పిల్లలు. అంటే కార్యక్రమం మెల్లగా సంస్థలను పోషించే పద్ధతిగా మారింది. 1994లో 45 ఏళ్లున్న నిపుణుడు 2007కు దాదాపు అరవైలో ఉంటాడు. జాబితా నిండాలంటే కొత్తవాళ్లను తేవాలి. ప్రాజెక్టుల సంఖ్యను విజయానికి కొలతగా పెట్టుకుంటే ఇలాగే అవుతుంది.

ఐఎస్‌టీసీ మొత్తం మీద 2,700కు పైగా ప్రాజెక్టులకు, 70 వేలకు పైగా మనుషులకు డబ్బు ఇచ్చింది. ముడి చమురు ధరలు పెరిగి రష్యా కోలుకున్నాక, సాయం తీసుకునే దేశంగా ఉండటం దానికి ఇష్టం లేకపోయింది. 2010 ఆగస్టులో అధ్యక్షుడు మెద్వెదెవ్ తప్పుకుంటున్నట్టు ఉత్తర్వు ఇచ్చారు. అసలు ఒప్పందం ఎన్నడూ పార్లమెంటు ఆమోదం పొందలేదు, తాత్కాలిక ప్రోటోకాల్ మీదే నడిచింది కాబట్టి బయటికి రావడం తేలికైంది. 2015లో మాస్కో కార్యాలయం మూసి కజకిస్తాన్ రాజధాని అస్తానాకు మార్చారు. ఇప్పటికీ అక్కడ పనిచేస్తోంది, జీవ భద్రత, అణు భద్రత దాని ప్రధాన విషయాలు. రష్యా ప్రయోగశాలలతో రోజువారీ పరిచయాలు మాత్రం పోయాయి. ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో ఒకరికొకరు తెలిసి ఉండటం అనే లాభం ఏ బడ్జెట్ పద్దులోనూ రాయనిది, ఇవాళ అన్నిటికంటే ఎక్కువగా దాని లోటే కనిపిస్తోంది.

సభలో ఒకరు చీటీ పంపారు: ‘ఇదే పద్ధతి ఇతర దేశాల్లో వాడారా, పని చేసిందా?’

వాడారు. లిబియా 2003 డిసెంబరులో ఆయుధ కార్యక్రమాలు వదిలేసింది. తజూరాలోని అణు పరిశోధన కేంద్రాన్ని పునరుత్పాదక ఇంధనం, సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే పరిశోధన వైపు తిప్పారు. అక్కడి రియాక్టరును 2006లో బాంబుకు పనికిరాని తక్కువ శుద్ధి యురేనియానికి మార్చారు. దేశానికి నీళ్లు నిజంగా కావాలి, నిపుణుల సంఖ్య చిన్నది. కొంతకాలం సాగింది, 2011 యుద్ధంతో అక్కడ అన్నీ అస్తవ్యస్తమయ్యాయి.

ఇరాక్ కథ వేరు. 2003 డిసెంబరులో అమెరికా బాగ్దాద్‌లో శాస్త్రవేత్తల కోసం ఒక కేంద్రం పెడుతున్నట్టు ప్రకటించింది, నెలనెలా భత్యం కూడా. అప్పటికి ప్రధాన పోరాటం ముగిసిందని ప్రకటించి ఏడు నెలలు. ఆ ఏడు నెలల్లో ఆయుధాల కోసం వెతుకుతున్నవాళ్లు ఇదే శాస్త్రవేత్తల ఇళ్లకు వెళ్లి ప్రశ్నించారు, కొందరిని నిర్బంధించారు. తర్వాత అదే వైపు నుంచి ‘వచ్చి పేరు నమోదు చేసుకోండి, భత్యం ఇస్తాం’ అని పిలుపు వస్తే ఎవరు ధైర్యంగా వెళ్తారు? వెళ్లినవాళ్లకు మరో భయం, అమెరికా డబ్బు తీసుకుంటున్నారని తెలిస్తే వీధిలో ప్రాణానికే ముప్పు. కాబట్టి మరెక్కడైనా ఇది మళ్లీ చేయవలసి వస్తే, విచారణ చేసే శాఖనూ భత్యం ఇచ్చే శాఖనూ మొదటి రోజు నుంచే వేరు చేయాలి. పేరు నమోదు చేసుకున్నంత మాత్రాన కేసు పెట్టబోమన్న హామీ మొదటి పిలుపుతోనే, రాతపూర్వకంగా, వాళ్ల భాషలో అందాలి.